తల్లిమీద మోపిన నేరం: మద్యం, గర్భస్థ శిశువు, మూడు శతాబ్దాల చరిత్ర

గర్భిణి మద్యం తాగితే కడుపులోని బిడ్డకు కీడు జరుగుతుందనే విషయం నేడు వివాదాస్పదం కాదు. తల్లి రక్తంలోని మద్యం మాయను దాటి బిడ్డ రక్తంలో ప్రవేశిస్తుంది. దానిని అరిగించి బయటికి పంపగల శక్తి ఆ పసి కాలేయానికి ఇంకా రాదు. ఉమ్మనీటిలో చేరిన మద్యం, తల్లి రక్తంలో తగ్గిన తరువాత కూడా కొంతసేపు అక్కడే నిలిచి వుంటుంది. బిడ్డ మెదడు తొమ్మిది నెలలూ ఏర్పడుతూనే వుంటుంది కనుక ఏ నెలా క్షేమకరమైనది కాదు. ఈ విధంగా దెబ్బతిని పుట్టిన పిల్లలలో తీవ్రమైన కేసులను ముఖం చూసి గుర్తుపట్టవచ్చును: చిన్న తల, పొట్టి కంటి చీలికలు, ముక్కుకూ పై పెదవికీ నడుమ గాడి లేని చదును, పలచని పై పెదవి. కాని అసలు నష్టం ముఖంలో లేదు. జ్ఞాపకంలో, లెక్కలో, ఒక పనికి తరువాత ఏమి వస్తుందో ఊహించుకోగల శక్తిలో వుంది. అది జీవితాంతం తీరని నష్టం.

ఇది వైద్యశాస్త్రం చెప్పే మాట. దీనిని వైద్యులకు వదిలివెయ్యవచ్చును కదా, సాహిత్య చరిత్ర పాఠాలు చెప్పుకొనే మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. ఇంత స్పష్టమైన విషయాన్ని లండన్ వైద్యులు 1726లోనే గమనించారు. దానికి ఒక పేరు పెట్టి ప్రపంచం అంగీకరించింది మాత్రం 1973లో. ఈ నడుమ దాదాపు రెండువందల యాభై ఏళ్ళు గడిచిపోయాయి. ఆ కాలమంతటా ఈ సత్యం చాలాసార్లు బయటపడింది, చాలాసార్లు మరుగునపడింది. బయటపడ్డ ప్రతిసారీ అది పేద తల్లికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పటానికే వినియోగపడింది. తల్లి చేతిలోని గ్లాసు అందరికీ కనిపించింది; దానిని నింపిన చెయ్యి కొద్దిమందికి మాత్రమే కనిపించింది. ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవడం వైద్యుని పని కాదు, చరిత్ర విద్యార్థి పని.

1

1688-89లో ఇంగ్లండులో రాజు మారాడు. హాలెండునుండి వచ్చిన మూడవ విలియం సింహాసనమెక్కాడు. ఫ్రాన్సుతో యుద్ధం మొదలయింది, ఫ్రెంచి బ్రాందీ దిగుమతి నిషిద్ధమయింది. 1690లో పార్లమెంటు స్వదేశపు ధాన్యంనుండి సారా కాచే పనిని ప్రోత్సహిస్తూ ఒక శాసనం చేసింది. లండన్ సారా వర్తకుల సంఘానికి అంతవరకు వున్న గుత్తాధికారం పోయింది. పన్ను కట్టగలవాడెవడైనా బట్టీ పెట్టుకోవచ్చును.

ఈ శాసనం వెనుక వున్న వర్గ ప్రయోజనం దాచిపెట్టినది కాదు. నాటి పార్లమెంటు భూస్వాముల పార్లమెంటు. పంటలు బాగా పండిన ఏళ్ళలో ధాన్యం ధర పడిపోతుంది. బట్టీలు వుంటే పడిపోకుండా నిలుస్తుంది. రొట్టెకు పనికిరాని నాసిరకపు గింజలు కూడా అమ్ముడుపోతాయి. పైగా సారామీద వచ్చే సుంకం యుద్ధపు ఖర్చులకు అందివస్తుంది. భూస్వామికి ధర, బట్టీదారుకు లాభం, ఖజానాకు ఆదాయం. ఈ మూడు ప్రయోజనాల కలయికే జిన్.

పల్లెలు వదలి లండన్ చేరిన జనానికి ఇరుకు గదులూ తడి గోడలూ దొరికాయి గాని నిలకడైన పని దొరకలేదు. చిల్లర కొట్లలో, వీధి బండ్లమీద, నేలమాళిగలలో జిన్ అమ్మారు. అంతకు పూర్వపు పానశాలలు మగవారి రాజ్యం. జిన్ ఆ హద్దును దాటింది. స్త్రీలు తాగారు, స్త్రీలు అమ్మారు. జనం దానిని ‘మదర్ జిన్’ అనీ, ‘మేడమ్ జెనీవా’ అనీ పిలిచారు. సారాకు ఆడదాని పేరు పెట్టడంతోనే నేరం ఎవరి మీదికి పోబోతున్నదో తెలుస్తున్నది.

1726లో లండన్ రాయల్ కాలేజీ వైద్యులు పార్లమెంటుకు ఒక విజ్ఞాపన పంపారు. సారా అలవాటు పెద్దలను పాడుచేయడమే కాదు, బలహీనులూ రోగిష్ఠులూ అయిన పిల్లలు పుట్టడానికి కూడా కారణమవుతున్నదని అందులో స్పష్టంగా చెప్పారు. గర్భస్థ శిశువు విషయం పాలకుల ముందుకు వైద్యుల సంస్థ తీసుకుపోయిన తొలి సందర్భాలలో ఇది ఒకటి. పార్లమెంటు వెంటనే కదలలేదు. 1729లో ఒక శాసనం, 1736లో మరొకటి వచ్చాయి. 1736 శాసనం చిల్లర అమ్మకానికి ఏటా 50 పౌనుల లైసెన్సు పెట్టింది. ఆ సొమ్ము వీధి బండివాడు కలలో కూడా చూడలేనిది. ఫలితంగా దొంగ వ్యాపారం పెరిగింది, వేగులవాళ్ళు పెరిగారు, తాగుడు తగ్గలేదు. 1743లో ఆ శాసనాన్ని రద్దుచేసి, సుంకాలు రాబట్టుకొనే దారి చూసుకున్నారు.

1751లో రెండు ప్రసిద్ధ రచనలు వెలువడ్డాయి. ఒకటి నవలాకారుడూ మేజిస్ట్రేటూ అయిన హెన్రీ ఫీల్డింగు దొంగతనాల పెరుగుదలపై రాసిన విచారణ గ్రంథం. కడుపులోనూ, తల్లి పాలలోనూ జిన్‌తో పెరిగిన శిశువు గతి ఏమిటని ఆయన ప్రశ్నించాడు. ప్రశ్న గొప్పది. కాని ఆ వెంటనే ఆయన అడిగినది, రేపు మన నావికులూ సిపాయిలూ వీరేనా అని. శిశువు మీది కరుణ రెండు అడుగులు వెయ్యకముందే సామ్రాజ్యపు అవసరంగా మారిపోయింది.

రెండవది విలియం హోగార్త్ చెక్కిన ‘జిన్ లేన్’ చిత్రం. మెట్లమీద మైకంలో కూర్చున్న తల్లి, ఆమె చేతిలోంచి తలకిందులుగా జారిపోతున్న బిడ్డ. ఈ చిత్రాన్ని ఒక్కసారి చూసినవారు మరచిపోలేరు. అయితే అదే చిత్రంలో తాకట్టు వ్యాపారి దుకాణం, సారా బట్టీదారు ఇల్లు కూడా వున్నాయి. చుట్టూ ఇళ్ళు కూలిపోతుంటే ఇవి మాత్రం నిక్షేపంగా నిలిచి వున్నాయి. వడ్రంగి తన రంపాన్ని తాకట్టు పెడుతున్నాడు. హోగార్త్ ఆ సంబంధాన్ని చూశాడు, చూపాడు. తరువాతి తరాల నీతిబోధకులు మాత్రం తల్లిని జ్ఞాపకం పెట్టుకొని తాకట్టు వ్యాపారిని మరచిపోయారు.

1751 శాసనం బట్టీలనుండి చిల్లర కొట్లకు పోయే దారిని కొంత కట్టడి చేసింది. అసలు దెబ్బ కొట్టినది మాత్రం పంట. 1757లో పంట దెబ్బతిన్నది. ధాన్యంతో సారా కాచడాన్ని ప్రభుత్వం నిషేధించింది. 1760 దాకా ఆ నిషేధం నిలిచింది. ధర పెరిగింది, తాగుడు తగ్గింది. ముప్ఫయి ఏళ్ళ ఉపన్యాసాలు చెయ్యలేని పనిని గింజల కొరత మూడేళ్ళలో చేసింది. ధాన్యం ధర ఎక్కువగా వున్నప్పుడు భూస్వామికి బట్టీ అవసరం లేదు కనుకనే అది సాధ్యమయిందని మనం గుర్తించాలి.

ఒక మాట నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. నాటి లండన్‌లో శిశువులు చనిపోవడానికి జిన్ ఒక్కటే కారణం కాదు. మశూచికం, ఆకలి, మురికినీరు కూడా చంపాయి. అయితే ఆకలిగొన్న తల్లి కడుపులోకి జిన్ చేరితే రెండు కీడులూ ఒకదానినొకటి పెంచుకుంటాయి. ఈ విషయం ముందుముందు మళ్ళీ వస్తుంది.

2

పందొమ్మిదో శతాబ్దం చివర లివర్‌పూల్ జైలులో విలియం సలివన్ అనే వైద్యుడు పనిచేస్తుండేవాడు. ఆయన తాగుడుకు అలవాటుపడిన 120 మంది స్త్రీ ఖైదీల కాన్పుల చరిత్ర సేకరించి 1899లో ప్రచురించాడు. వారికి పుట్టిన 600 మంది పిల్లలలో సగానికి పైగా మృతశిశువులుగా పుట్టడమో, పసితనంలోనే చనిపోవడమో జరిగింది. ఆ స్త్రీలలో కొందరి బంధువులై, తాగుడు లేని తల్లులను కూడా ఆయన పోల్చి చూశాడు. వారి పిల్లల మరణాలు సగంకన్న తక్కువ. ఒకే కుటుంబాలు, ఒకే రకమైన పేదరికం. తేడా మద్యంలో మాత్రమే.

సలివన్ మరొక సంగతి గమనించాడు. వరుసగా బిడ్డలను పోగొట్టుకున్న తల్లి గర్భవతిగా వుండగా జైలుపాలయితే, ఆ కాన్పులో బిడ్డ బతికి బట్టకట్టిన ఉదాహరణలున్నాయి. జైలులో మద్యం లేదు. తిండి వున్నది. ఒక సమాజం పేద గర్భిణికి ఇంత తిండినీ, మద్యంనుండి ఇంత రక్షణనూ జైలు గోడల లోపల మాత్రమే ఇవ్వగలిగిందంటే, ఆ సమాజంమీద ఇంతకంటె గట్టి అభియోగపత్రం ఏముంటుంది?

కాని నాటి బ్రిటిషు పాలకవర్గం దీనిని అలా చదువుకోలేదు. 1899-1902 బోయరు యుద్ధానికి సైన్యంలో చేరవచ్చిన శ్రామిక యువకులలో ఎందరో శరీర దారుఢ్యం చాలక తిరస్కృతులయ్యారు. జాతి క్షీణించిపోతున్నదనే కలవరం బయలుదేరింది. 1904లో ప్రభుత్వ సంఘమొకటి దీనిమీద నివేదిక కూడా ఇచ్చింది. అంతకుముందే 1898లో తాగుబోతుల శాసనం వచ్చింది. దానికింద సంస్కరణాలయాలకు పంపబడినవారిలో అత్యధికులు స్త్రీలే. మగవాడు తాగితే వ్యసనం; ఆడది తాగితే జాతిద్రోహం.

సుజనన శాస్త్రమనే పేరుతో చెలామణి అయిన వాదం ఈ గందరగోళాన్ని ఇంకా పెంచింది. పేదవాడు పేదవాడుగా వుండటానికి అతని రక్తమే కారణమని ఆ వాదపు సారాంశం. 1910లో లండన్ గాల్టన్ ప్రయోగశాలనుండి ఎథెల్ ఎల్డర్టన్, కార్ల్ పియర్సన్‌లు ఒక అధ్యయనం ప్రకటించారు. తల్లిదండ్రుల తాగుడుకూ పిల్లల దేహదారుఢ్యానికీ, తెలివికీ చెప్పుకోదగ్గ సంబంధం లేదని వారు తేల్చారు. అంతా వంశపారంపర్యమే అయితే గర్భంలోని వాతావరణానికి స్థానమేమిటి? ఆర్థికశాస్త్రవేత్త కీన్స్ వారి లెక్కలనూ, వారు ఎంచుకొన్న కుటుంబాలనూ తీవ్రంగా విమర్శించాడు. ఒక పక్క మద్యం జాతిని నాశనం చేస్తుందనే మతబోధకులు, మరొక పక్క మద్యం ఏమీ చెయ్యదనే సంఖ్యాశాస్త్రజ్ఞులు. ఈ ఇద్దరి నడుమ సలివన్ చూసిన సామాన్య సత్యం నలిగిపోయింది.

అమెరికాలో 1920లో వచ్చిన మద్య నిషేధం 1933లో రద్దయింది. ఆ తరువాత మద్యం గురించి చెడ్డగా చెప్పిన ప్రతి పాత మాటా చాదస్తం కిందికి పోయింది. తాగుబోతు తల్లి పిల్లల కష్టాలకు తిండిలేమి, సంరక్షణ లోపమే కారణమని 1940లలో శాస్త్రజ్ఞులే రాశారు. 1960లలో పరిస్థితి ఎంతవరకు వచ్చిందంటే, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన గర్భిణులకు వాటిని ఆపడానికి ఆసుపత్రులలో మద్యాన్ని నరంలోకి ఎక్కించేవారు. బిడ్డను కాపాడాలనే సదుద్దేశంతోనే ఆ పని జరిగింది.

1968లో ఫ్రాన్సులోని నాంట్ నగరంలో పిల్లల వైద్యుడు పాల్ లెమ్వాన్, ఆయన సహచరులు తాగుడు అలవాటున్న తల్లులకు పుట్టిన 127 మంది పిల్లలను పరిశీలించి, వారి ముఖాలలోనూ ఎదుగుదలలోనూ వున్న పోలికలను వర్ణించారు. అది ఒక ప్రాంతీయ వైద్య పత్రికలో ఫ్రెంచిలో అచ్చయింది కనుక ఎక్కువమంది చదవలేదు. 1973లో అమెరికాలోని సియాటిల్‌లో కెనెత్ జోన్స్, డేవిడ్ స్మిత్‌లు, వారికి ముందే ఆ పిల్లల ఎదుగుదల లోపాన్ని గుర్తించిన క్రిస్టీ ఉలలాండ్, ఆన్ స్ట్రైస్‌గుత్ కలిసి ఎనిమిదిమంది పిల్లలను గురించి ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. ఆ పిల్లలు మూడు వేరువేరు జాతులవారు. ముఖాల పోలిక జాతిది కాదు, మద్యానిది. ఆ ఏడే దానికి ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అనే పేరు స్థిరపడింది.

పేరు వచ్చింది, హెచ్చరికలు వచ్చాయి. 1981లో అమెరికా సర్జన్ జనరల్ గర్భిణులు మద్యం ముట్టకూడదని సలహా ఇచ్చాడు. 1989 నుండి సీసాలమీద హెచ్చరిక అచ్చువేయాలనే శాసనం అమలయింది. ఇవి మంచి పనులే. కాని సీసామీది హెచ్చరిక తల్లితో మాట్లాడుతుంది, కంపెనీతో మాట్లాడదు. విస్కాన్సిన్ రాష్ట్రంలో 1998లో అమలులోకి వచ్చిన శాసనం, అతిగా తాగే గర్భిణిని నిర్బంధించే అధికారం కోర్టులకిచ్చింది. అలా పట్టుకుంటారనే భయం వుంటే, సహాయం అవసరమైన స్త్రీయే వైద్యుని గడప తొక్కదు.

పరిశోధకులు మరొక విషయం కూడా కనుగొన్నారు. సుమారు ఒకే మోతాదులో తాగిన తల్లులలో, సంపన్నుల బిడ్డలకంటె పేదల బిడ్డలు ఎన్నో రెట్లు ఎక్కువగా దెబ్బతిన్నారు. తల్లి తిండి, వయస్సు, ఆరోగ్యం, ఒకేసారి తాగే తీరు, ఇవన్నీ విషం బలాన్ని నిర్ణయిస్తాయి. కాలేయానికి వర్గం లేదు. ఆ కాలేయానికి అందే తిండికి వర్గం వుంది.

3

ఈ చరిత్రలో అతి కఠోరమైన అధ్యాయం దక్షిణాఫ్రికాది. 1652లో డచ్చి ఈస్టిండియా కంపెనీ తరఫున యాన్ వాన్ రీబెక్ కేప్‌లో దిగాడు. 1655లో ద్రాక్షతీగలు నాటారు; 1659లో మొదటి వైను తీశారు. 1658లో ఆఫ్రికా తీరంనుండి బానిసలు వచ్చారు. వారిలో పెక్కుమంది పిల్లలే. వారికోసం కంపెనీ ఒక బడి పెట్టింది. బడికి వచ్చిన బానిసకు రోజూ ఒక చిన్న గ్లాసు బ్రాందీ, రెండు అంగుళాల పొగాకు ఇవ్వాలని వాన్ రీబెక్ తన దినచర్యలోనే రాసుకున్నాడు. అక్షరాలతోపాటు మద్యాన్ని పెట్టిన ఆ బడిని ఉపాధ్యాయులమైన మనం గుర్తుంచుకోవలసి వుంది.

ఆ తరువాత బానిసలు మడగాస్కర్ నుండి, మొజాంబిక్ నుండి, తూర్పు ద్వీపాలనుండి, బెంగాలు, మలబారు, కోరమాండల్ తీరాలనుండి కూడా వచ్చారు. మచిలీపట్నంలోనూ పులికాట్‌లోనూ గిడ్డంగులు పెట్టుకున్నది ఆ కంపెనీయే. కనుక కేప్ ద్రాక్షతోటల కథ మన తీరానికి పూర్తిగా పరాయిది కాదు.

1834లో బానిసత్వం శాసనరీత్యా పోయింది; అప్రెంటిసుగిరీ పేరుతో మరి నాలుగేళ్ళు నిలిచి 1838లో నిజంగా ముగిసింది. ఆపైన వచ్చిన యజమాని-సేవకుల శాసనాలు, పని వదలిపోవడాన్ని నేరంగా చేశాయి. తోటలలో ‘డాప్’ పద్ధతి స్థిరపడింది. ఉదయంనుండి సాయంకాలందాకా కూలివానికి విడతలు విడతలుగా చవకరకపు వైను పోస్తారు. అది కూలిలో భాగం. అమ్ముడుపోని వైను అలా ఖర్చయిపోతుంది. రొక్కంగా ఇవ్వవలసిన కూలి తగ్గుతుంది. అలవాటుపడ్డ మనిషి తోట వదలి పోలేడు. బానిస సంకెలకు డబ్బు ఖర్చవుతుంది. ఈ సంకెల మిగులు వైనుతోనే తయారయింది.

1960ల ఆరంభంలో మద్యాన్ని కూలిగా ఇవ్వడం శాసనవిరుద్ధమయింది. కాని జాతివివక్ష రాజ్యంలో నల్లవారి, ‘కలర్డ్’ వారి తోట ఇళ్ళకు ఏ తనిఖీదారు పోతాడు? 1990లలో కూడా కొన్ని తోటలలో డాప్ మిగిలే వుంది. అది పోయిన చోట కూడా మూడువందల ఏళ్ళ అలవాటు వారాంతపు తాగుడుగా నిలిచింది.

2000లో పశ్చిమ కేప్‌లోని ఒక వైను ప్రాంతపు పట్టణంలో మొదటి తరగతి పిల్లలమీద జరిపిన పరిశీలన ప్రచురితమయింది. వెయ్యిమందికి 40 నుండి 46 మంది దాకా ఈ రుగ్మతతో వున్నారు. అంతవరకు ప్రపంచంలో నమోదయిన అంకెలలో అదే పెద్దది. ఆ తల్లుల వివరాలు కూడా సేకరించారు. తక్కిన తల్లులకంటె వారు ఎత్తులోనూ బరువులోనూ చిన్నవారు, చదువు తక్కువవారు. తోటలలో బతికేవారే ఎక్కువ. అంటే ఆ బిడ్డకు కీడు జరిగింది తొమ్మిది నెలలలో కాదు. ఆ తల్లి తానే సరైన తిండి లేక పెరిగిన నాటినుండి మొదలయింది.

2012లో డి డూర్న్స్‌లో మొదలై 2013లోకి సాగిన తోట కూలీల సమ్మెలో, రోజుకు 69 రాండ్లున్న కనీస కూలిని 150 చేయాలని అడిగారు. ప్రభుత్వం 105 చేసింది. ఈ సమ్మె వార్తలను ఆర్థిక పుటలలోనూ, దెబ్బతిన్న పిల్లల వార్తలను ఆరోగ్య పుటలలోనూ వేసే పత్రికలు రెండూ ఒకే వార్త అన్న సంగతిని పాఠకునికి తెలియనివ్వవు.

4

ఇక్కడ మన మిత్రులలో కొందరు చేసే పొరపాటును కూడా చెప్పాలి. తాగుడు దోపిడీ ఫలితమే కనుక దోపిడీ పోతే తాగుడు తానే పోతుందని, అంతదాకా దీనిని గురించి మాట్లాడటం బూర్జువా నీతిబోధ అని వారంటారు. ఈ వాదం కూడా తల్లికి అన్యాయమే చేస్తుంది. మద్యం నిజంగా విషం. అది కూలి పెరిగేదాకా ఆగదు. గర్భంలోని మెదడు రెండవసారి ఏర్పడదు. తెలుసుకోవలసిన హక్కు పేద స్త్రీకి లేదని మనం అనకూడదు.

ఈ రెండు పెడదారులనూ దాటిన ఉదాహరణలున్నాయి. ఆస్ట్రేలియా పశ్చిమ భాగంలో ఫిట్జ్‌రాయ్ క్రాసింగ్ అనే ఊరున్నది. 1960ల చివర పశువుల క్షేత్రాలలో ఆదివాసులకు సమాన వేతనం ఇవ్వవలసి వచ్చినప్పుడు, క్షేత్రాల యజమానులు వారిని వెళ్ళగొట్టారు. అలా నిర్వాసితులైనవారు చేరిన ఊళ్ళలో ఇది ఒకటి. 2007లో అక్కడి ఆదివాసి స్త్రీలు జూన్ ఆస్కర్, ఎమిలీ కార్టర్ వంటి నాయకురాళ్ళ ఆధ్వర్యాన, ఘాటైన మద్యాన్ని ఇంటికి తీసుకుపోయే అమ్మకాలను నిలిపివేయాలని పోరాడి సాధించారు. ఆ తరువాత తమ పిల్లలను పరీక్షించమని వైద్యులను వారే పిలిచారు. 2002, 2003 సంవత్సరాలలో పుట్టిన పిల్లలలో దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరికి మద్యంవల్ల కలిగిన ఏదో ఒక లోపం వున్నట్లు తేలింది. ఎంత బాధాకరమైన అంకె! అయినా ఆ స్త్రీలు దానిని దాచలేదు. దోషి ఎవరని వెతకడం మాని, ఈ పిల్లలకు ఏ బడి కావాలి, ఈ తల్లులకు ఏ అండ కావాలి అని అడిగారు.

దీనికి పదిహేనేళ్ళకు పూర్వం, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. అక్కడినుండి జిల్లాలు దాటి సారా పాటలను అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఖజానా వాదం మళ్ళీ గెలిచి నిషేధం సడలిపోయింది. ఆ ఉద్యమం గర్భస్థ శిశువు పేరుతో నడవలేదు. అక్కడ తాగింది ఎక్కువగా మగవారు. ఆ స్త్రీలు మాట్లాడింది కూలి డబ్బు గురించి, తమమీద పడ్డ దెబ్బల గురించి, పస్తుల గురించి. అయితే దెబ్బలూ పస్తులూ గర్భిణికి తగిలితే కడుపులోని బిడ్డకూ తగులుతాయి. తాగిన మనిషితో తగాదా పడి ఊరుకోకుండా, పాట జరిగే చోటికి పోయి కంట్రాక్టరునూ ప్రభుత్వాన్నీ నిలదీశారు. 1726 నాటి వైద్యులు, 1899 నాటి జైలు వైద్యుడు వెయ్యని అడుగును చదువు అంతగా లేని ఆ తల్లులు వేశారు.

కనుక ఈ విషయాన్ని తరగతిలో చెప్పేటప్పుడు రెండు మాటలనూ కలిపి చెప్పాలి. గర్భవతిగా వున్నప్పుడు మద్యం ఏ కొంచెమైనా వద్దు. దీనిలో రాజీ లేదు. ఈ మాట తల్లికి చెప్పే సమాజం ఆమెకు కడుపునిండా తిండి, రొక్కపు కూలి, కాన్పుకు ముందూ వెనుకా విశ్రాంతి, అలవాటు మానాలనుకుంటే జైలు భయం లేని వైద్యం ఇవ్వాలి. దెబ్బతిని పుట్టిన బిడ్డను మొద్దు అని వెనక బెంచీకి తోసే బడి మారాలి. మద్యం మీది ఆదాయంతో నడిచే ఖజానాను తల్లి ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడల్లా లెక్క అడగాలి. మొదటి మాట చెప్పి రెండవది మింగేసినవారి చరిత్రే పైన చెప్పిన మూడువందల ఏళ్ళ చరిత్ర.